ఖాళీ తూటాల ఇత్తడి

తూటా పేలి గుండు వెళ్లిపోయాక మిగిలే ఇత్తడి గుల్లలో కొత్త ప్రైమరు, మందు, గుండు కూర్చి మళ్లీ వాడుకోవడం అమెరికాలో గురి అభ్యసించేవారికి పాత అలవాటే. నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం (అంటే జింకు) కలిసిన ఆ గుల్ల పేలినప్పుడల్లా సాగి, తిరిగి కొలతకు నొక్కినప్పుడల్లా గట్టిపడి, చివరికి మెడ దగ్గర చీలుతుంది కనుక, ఎన్నిసార్లు నింపారో రాసిన చీటీ డబ్బాకు అంటించి ఉండటం వారికి పద్దుల పుస్తకమంత ముఖ్యం. చీటీ లేని గుల్లలో వంచిన తీగ మొనను దించి, అడుగుకు కాస్త పైన గాడి తగిలితే ఆ గుల్లను పారేయవలసిందే.

నిల్వ విషయంలో భారతదేశమే ఒక పాఠం నేర్పింది. 19వ శతాబ్దంలో బ్రిటిష్ సైన్యం వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాల గుల్లలు పేలకుండానే పగుళ్లిచ్చేవి. గుర్రాల మూత్రం నుంచి లేచిన అమ్మోనియా తేమతో కలిసి, తయారీలోనే బిగువు పట్టి ఉన్న లోహాన్ని చీల్చుతోందని 1921లో గాని వివరణ దొరకలేదు. అమ్మోనియా ఉన్న మెరుగు ద్రావకాలను గుల్లలకు తగలనివ్వకూడదనేది అందుకే. మెరుగు పెట్టక రంగు వెలిసిన ఇత్తడితో, నిజానికి, నష్టమేమీ లేదు.