చిన్న కంప్యూటరును నిద్రపుచ్చు విధము

కంప్యూటరనగా బల్లమీది పెట్టెయు దాని యెదుటి తెరయు ననియే మన బాలురును వారి తలిదండ్రులును సాధారణముగా తలంతురు. కాని తెరయు మీటలును లేని చిన్న కంప్యూటరులు నేడు యంత్రముల కడుపులలో దాగి రాత్రింబగళ్లు పని చేయుచున్నవి. వీటిని మాడ్యూళ్లందురు. మా పాఠశాల సైన్సు సంఘమువారు వాడునది 2020వ సంవత్సరమున వెలువడిన రాస్ప్‌బెర్రీ పై కంప్యూట్ మాడ్యూల్ 4. దాని పొడవు 55 మిల్లీమీటరులు, వెడల్పు 40. అనగా అగ్గిపెట్టెకంటె నించుక పెద్దది. వేరొక పీఠముపై దానిని తాపడము చేసినగాని అది పని చేయదు. అందుకై దాని యడుగున నూరేసి కొనలుగల జోడింపులు రెండున్నవి. ఈ రెండువందల కొనలలో చాలవరకు బొమ్మలను, అంకెలను, విద్యుత్తును మోయును. మేము చెప్పదలచినవి మూడు నాలుగు మాత్రమే. లెమ్ము, పండుకొనుము, లేచితిని, పండుకొంటిని, ఇంతియే వాటి భాష.

మేల్కొనుటకు క్రమమొకటి గలదు. పీఠమునుండి మాడ్యూలునకు 5 వోల్టులు వచ్చును. లోపల విద్యుత్తును పంచుటకై ప్రత్యేకముగా నొక చిప్పు గలదు. అది మొదట 3.3 వోల్టులను, పిమ్మట 1.8 వోల్టులను ఆయా భాగములకు పంచును. అన్నియు నిలకడగా నున్నవని తేలిన తరువాతనే రన్-పీజీ అను తీగ పైకి లేచును. అప్పుడు మాడ్యూలు మెదడు పని మొదలుపెట్టును. ఈ క్రమము తప్పి, ఆహారమందని భాగమునకు సంజ్ఞ తీగవెంట విద్యుత్తు ముందే చేరినచో, అది దొడ్డిదారిని లోపల జొరబడి చెరుపు చేయగలదు. హాస్టలులో పొయ్యి యంటింపకమునుపే భోజనపు గంట కొట్టిన నేమగునో మా బాలురకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఆజ్ఞ నిచ్చు తీగలు విశ్రాంతిలో ఎత్తు వోల్టేజీయందుండును. ఆజ్ఞ నియ్యవలెనన్న క్రిందికి లాగవలెను. ఇది విచిత్రముగ తోచవచ్చును గాని మన బడి గంటత్రాడును తలంచుకొనుడు. త్రాటిని ఎవరు లాగినను గంట మ్రోగును. లాగినవారు విడువగనే త్రాడు తనంత పైకి పోవును. అట్లే ఒకే తీగను బొత్తాము గాని, వేరొక చిప్పు గాని, ఎవరైనను లాగవచ్చును.

గ్లోబల్-ఈఎన్ అను తీగను లాగిన మాడ్యూలు గాఢనిద్రలో పడును. రన్-పీజీని లాగిన, చేయుచున్న పని విడిచి తిరిగి మొదటినుండి లేచును. ఈ రెండును నిర్దయమైన ఆజ్ఞలు. లోపల తెరచియున్న ఫైళ్లను మూసికొనుటకు అవి క్షణమైన గడువియ్యవు. కరెంటు పోవుట వాటికంటెను నిర్దయము.

ఆ నిర్దయ యెట్టిదో మేము నిరుడు చూచితిమి. తొమ్మిదవ తరగతివారు వానను కొలుచు సాధనమునకు ఈ మాడ్యూలును జోడించిరి. చిన్న దొప్ప యొకటి నిండి బోర్లపడినప్పుడెల్ల 0.2 మిల్లీమీటరు వాన యని మెమరీ కార్డులో లెక్క చేరుచుండెను. అక్టోబరులో నొక రాత్రి గాలివానలో కరెంటు మూడుమార్లు వచ్చి పోయెను. తెల్లవారిన పిమ్మట మాడ్యూలు లేవలేదు. కార్డు చదువుటకు రాలేదు. పదునొకండు వారముల లెక్క పోయెను. జిల్లా ప్రదర్శనమునకు ఇరువది దినములే యుండెను. “మాస్టరుగారూ, వాన కురిసిన మాట నిజమే గదా, మరి లెక్క యేమైనది?” అని యొక బాలిక కన్నీటితో నడుగగా మాకు వెంటనే మాట రాలేదు.

కారణము తరువాత తెలిసికొంటిమి. లినక్సు వ్రాయవలసినదానిని వెంటనే కార్డుపై వ్రాయక, సాధారణముగా 30 సెకండ్లవరకు తాత్కాలిక స్మృతిలో నుంచుకొనును. కార్డుగూడ నొక్కొక్క యక్షరమును గాక పెద్ద గడులుగా చెరిపి వ్రాయును. ఆ నడుమ విద్యుత్తు తెగిన క్రొత్త వ్రాతయేగాక ప్రక్కనున్న పాత వ్రాతయు చెడవచ్చును. మేము కొనిన పీఠమున ముందుగా హెచ్చరించు తీగ యేదియు లేకుండెను. అమ్మినవారికి వ్రాయగా, ప్లగ్గు పీకవలదని బదులు వచ్చెను. పీకినది మేమా?

బాలురు తామే పూనుకొని క్రొత్త పీఠము చేసిరి. దానియందు రెండు తీగలు ముఖ్యము. కరెంటు పడిపోవుచున్నదని కనిపెట్టినతోడనే పీఠము మొదటి తీగను లాగి, “సర్దుకొనుము” అని కోరును. మాడ్యూలు ఫైళ్లన్నియు మూసి, చివర రెండవ తీగను పైకెత్తి, “సర్దుకొంటిని” అని బదులు చెప్పును. ఆ బదులు వచ్చినపిమ్మటనే గ్లోబల్-ఈఎన్‌ను లాగుట.

ఈ సంభాషణ జరుగువరకు ఆహారమెవరు పెట్టుదురు? దానికి పెద్ద కెపాసిటరు గలదు. 10 ఫారడులది 5 వోల్టులనుండి 4 వోల్టులకు దిగునప్పుడు 45 జౌళ్ల శక్తి నిచ్చును. 5 వాట్లు వాడు మాడ్యూలునకు ఇది 9 సెకండ్లు. దిగుచున్న వోల్టేజీని తిరిగి 5నకు ఎత్తుటలో కొంత నష్టము పోగా ఏడెనిమిది సెకండ్లు మిగులును. మా మాడ్యూలు ఆరింట సర్దుకొనును.

కష్టమంతయు కరెంటు పోవుటలో లేదు, సగములో తిరిగి వచ్చుటలో నున్నది. మాడ్యూలు పండుకొనుచుండగా కరెంటు వచ్చెననుకొనుడు. 5 వోల్టులు ఎక్కడను తెగలేదు గనుక లేపువారెవరును లేక అది దీపములున్న గదిలో నిద్రించుచునే యుండును. కావున పీఠము కరెంటు వచ్చినదని సంతసించి నడుమ నాపరాదు. బదులు వచ్చువరకు వేచి, గ్లోబల్-ఈఎన్‌ను ఒక మిల్లీసెకండునకు పైగా క్రింద పట్టి, విడువవలెను. ఇది కనుగొనినది ఆ బాలికయే. అరువదిమార్లు ప్లగ్గు పీకించి, ప్రతిమారును వేరు వేరు సెకండులకు తిరిగి పెట్టించి, నల్లబల్లపై గీతలు గీసినది.

ఈ యేడు జూను మొదలు లెక్క చెడకుండ వచ్చుచున్నది. ఆమె యిప్పుడు పదవ తరగతి. గోడకు తగిలించిన పుస్తకములో ప్రతి యుదయమును సిరాతో వ్రాయుట మాత్రము మానలేదు, మేమును మానుమనలేదు.