మేక కంటి మీద మొదటి పాఠం

తెనాలిలో మాంసం కొట్లు తెల్లవారకముందే తెరుస్తారు. కుర్ర డాక్టర్లకు ల్యాబ్‌లో శుక్లం ఆపరేషన్ నేర్పడానికి, మేక తల కాల్చే లోపే కళ్లు తీసి పక్కన పెట్టమని ముందే చెప్పి ఉంచుతాం. ఐస్ డబ్బాలో వచ్చిన ఆ కళ్లతో ఆ పూటే పని మొదలెట్టాలి. ఆలస్యమైతే కార్నియా మసకబారి లోపలేమీ కనబడదు. మెత్తబడిన కంట్లోకి వెనకనుంచి సూదితో కాస్త సెలైన్ ఎక్కించి బిగువు తెప్పిస్తాం. థర్మోకోల్ ముక్కలో గుండుసూదులతో నిలబెట్టి మైక్రోస్కోపు కింద పెడతాం. ఇక్కడ వాడిన పనిముట్టు ఏదీ ఆపరేషన్ థియేటర్ గడప తొక్కదు.

చేతులకంటే ముందు కాళ్లకు పని నేర్పాలి. ఒక పాదం మైక్రోస్కోపు పెడల్ మీద, రెండోది శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చే ఫేకో యంత్రం పెడల్ మీద ఉంటుంది. కొంచెం తొక్కితే నీరు వస్తుంది, ఇంకాస్త తొక్కితే పీలుస్తుంది, పూర్తిగా తొక్కితే అల్ట్రాసౌండ్ మొదలవుతుంది. ఇది పాదానికి అలవాటయ్యేదాకా చేతికి ధ్యాస కుదరదు.

అసలు పరీక్ష రెక్సిస్ దగ్గర. కంటి కటకాన్ని చుట్టి ఉన్న సంచీ ముందు పొరలో అయిదు, అయిదున్నర మిల్లీమీటర్ల గుండ్రటి కిటికీ తెరవాలి. మేక కంట్లో ఈ పొర చిన్నపిల్లల కంట్లోలా సాగుతుంది, ఏమరిస్తే చీలిక అంచుకు పారిపోతుంది. నేర్చుకునేవాళ్లు విసిగిపోతారు. ఆ విసుగు వాళ్లకు కావాలనే నేనంటాను. పారిపోయే చీలికను వెనక్కి మళ్లించడం అక్కడే వస్తుంది. ఇక మేక కటకం మరీ మెత్తన. ఎండలో బతుకంతా గడిపి, బాగా ముదిరాక మా దగ్గరకొచ్చే కూలీల శుక్లం గోధుమరంగు దాటి నల్లబడి ఉంటుంది. దానికి చేయి అలవడాలంటే మేక కటకంలోకి ఫార్మలిన్ ఎక్కించి గట్టిపరచాల్సిందే.

రేపల్లె వైపు లంక గ్రామం నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఎప్పుడో వరికోతల్లో వెన్ను గుచ్చుకుని, పుండుపడి, పువ్వేసి ఎడమ కన్ను పోయింది. కుడి కంట్లో తెల్లగా ముదిరిన శుక్లం. ‘‘ఉన్నది ఇదొక్కటే నాయనా’’ అంది బల్ల మీద పడుకుంటూ. ఆ ఆపరేషన్ నేనే చేశాను. బయటికొచ్చాక కుర్ర డాక్టరొకతను అడిగాడు: ‘‘ఒంటికన్ను మనిషి కాబట్టి మీరు చేశారు. రెండు కళ్లూ ఉన్నవాళ్ల మీద మేం నేర్చుకోవచ్చా సార్?’’

అతను నిజాయితీగానే అడిగాడు. రెండో కన్ను ఉన్నంత మాత్రాన మొదటి కంటిని ఎవరూ మన అభ్యాసానికి రాసివ్వలేదని చెప్పాను. పైగా మత్తు కంటికేగానీ చెవికి కాదు. గుడ్డ కింద మనిషి మేలుకునే ఉంటాడు, ప్రతి మాటా వింటాడు. ‘‘అలా కాదమ్మా, ఆగు’’ అని నేనంటే ఆయన గుండె జారిపోతుంది. నోరారా తప్పులు దిద్దగలిగేది ల్యాబ్‌లోనే.

ల్యాబ్ సాధన తెచ్చే తేడా ఒకసారి కళ్లారా చూశాను. బాపట్ల నుంచి వచ్చిన డాక్టరమ్మ మేక కళ్లతో చాన్నాళ్లు కుస్తీ పట్టి మొదటిసారి మనిషి కంటికి చేస్తోంది. ట్రిపాన్ బ్లూతో నీలమెక్కిన పొర సగం చుట్టు తిరిగాక చీలిక బయటికి మళ్లింది. నేను పక్క ఐపీస్‌లోంచి చూస్తున్నాను, మాట్లాడలేదు. ఆమె చేయి ఆపింది. కంటి ముందు గదిలో జెల్ నింపింది. పొరను మళ్లీ చదునుగా పరిచి, మొదలు దగ్గర పట్టుకుని, మొదట వెనక్కీ ఆ తర్వాత కంటి మధ్యకీ లాగింది. చీలిక దారికొచ్చింది. బల్ల మీది రైతుకు ఏమీ తెలియలేదు.

ఇలా నేర్పడం కొత్తేమీ కాదు. శస్త్రం పట్టేవాడు ముందు గుమ్మడి, సొర, పుచ్చ, దోసకాయల మీద కోత అభ్యసించాలని చెప్పడానికి సుశ్రుతుడు తన సంహితలోని సూత్రస్థానంలో ఒక అధ్యాయమే కేటాయించాడు. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్, మదురైలో అరవింద్ వంటి పెద్ద సంస్థల్లో ఇప్పుడు శిక్షణ ల్యాబ్‌లున్నాయి. ఖరీదైన సిమ్యులేటర్లు మా ఊళ్లకు రాకపోయినా పరవాలేదు. పక్కన పడేసిన మైక్రోస్కోపు, గడువు దాటిన లెన్సులు, తాళం వేసుకునే ఒక గది చాలు. ఇన్ని ఆపరేషన్లు చేశానని లాగ్‌బుక్‌లో రాయించుకునే ముందు, ఎన్ని మేక కళ్లలో కిటికీ గుండ్రంగా వచ్చిందో కూడా రాయించాలి. ఆ పేజీ ఖాళీగా ఉంటే నేను థియేటర్‌లోకి రానివ్వను, ఎవరు సిఫార్సు చేసినా సరే.