బావ జీపు కమాను పట్టీలు



మాది గుమ్మలక్ష్మీపురం కొండల మీద ఊరు. హాస్టల్లో ముగ్గురం ఉంటాం, ముగ్గురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

పోయిన వానాకాలం నొప్పులొచ్చిన వదినని డోలీలో రోడ్డు దాకా మోసి బావ జీపు ఎక్కించాం. గెడ్డ దగ్గర వెనక చక్రం ఒకటి బండెక్కింది, రెండోది గాల్లోకి లేచిపోయింది. అంతే, గాల్లో ఉన్నదే గిర్రున తిరుగుతోంది, బండ మీదది కదల్దు. దిగి తోశాం. అరగంట పట్టింది. వదిన అరుపులు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

సంత సరుకు కోసం బావ వెనక రెండేసి పట్టీలు ఎక్కువ వేయించాడు. బరువు మోస్తాయి గానీ కట్ట వంగదు, చక్రం గుంటలోకి దిగదు.

సెలవుల్లో మేస్త్రీ దగ్గర కూర్చున్నాం. ఆ పట్టీలు తీసేశాడు. తుప్పుకి బిగుసుకుపోయిన షాకిల్ విడదీసి బుష్షులు మార్చాడు. కట్ట వంగితే పొడవు మారుతుంది, షాకిల్ ఊగకపోతే ఎన్ని పట్టీలు తీసినా దండగే. పట్టీల మధ్య గ్రీజు పెట్టాడు. షాక్ అబ్జార్బర్ పొట్టిదైతే అదే చక్రాన్ని కిందికి దిగనివ్వదట, పొడుగుది వేశాడు. బ్రేకు పైపుకి ఆ పొడవు సరిపోతుందో లేదో చూశాకే జీపు దించాడు.

పట్టీ మందం రెట్టింపైతే గట్టితనం 8 రెట్లని మేం లెక్క చెప్పాం. "అందుకేరా సన్నవి వాడమంటాను" అన్నాడు.

ఇప్పుడు గెడ్డలో చక్రం నేల వదలట్లేదు. కానీ చింతపండు రెండు ట్రిప్పులు తోలాలి, డీజిల్ ఖర్చని బావ మామీద సణుగుతున్నాడు. వదిన, పాప బాగున్నారు.

మీ ఊరి జీపులకి వెనక ఎన్ని పట్టీలున్నాయో లెక్కపెట్టి కింద రాయండి.