పాదం పట్టుకునే చదువు

నర్సింగ్ చదువుతున్నానంటే మా ఊళ్లో "సూదులేస్తావా?" అంటారు. ఈ నెల పోస్టింగులో సూదులు కాదు, అన్నీ పాదాలే. షుగరు ఉన్నోళ్ల అరికాళ్లకి స్పర్శ ఉందో లేదో చూడాలి. దానికి మోనోఫిలమెంట్ అని ఓ నైలాన్ పోగు. వంగేదాకా నొక్కితే 10 గ్రాముల ఒత్తిడి. కళ్లు మూయించి "తగిలిందా?" అనడగాలి.

పుస్తకంలో బొమ్మ పాదం మెత్తగా ఉంటాది. అనంతగిరి, డుంబ్రిగుడ కొండల్లో చెప్పుల్లేకుండా నడిచిన పాదం అలాగుంటాదా? కాయ కాసిన చోట నొక్కితే షుగరు లేనోడికీ సరిగా తెలీదు, పక్కన నొక్కాలి. పక్కెక్కడుంది, మొత్తం కాయే! ఒక తాతయితే పోగు ఆనకముందే "ఆ, తగిలింది" అనేశాడు, నేను నొచ్చుకోకూడదని. ఓ అవ్వ కాళ్లు వెనక్కి లాక్కుంది. "చదువుకున్న పిల్లవి, నా కాళ్లు పట్టుకోకు తల్లీ" అంది. నవ్వొచ్చింది, గొంతూ పట్టేసింది.

ఆ అవ్వ బొటనవేలి కింద ముల్లు. ఎప్పుడు దిగిందో ఆమెకే తెలీదు. నొప్పి లేదు కదా అనుకుంది. భయమంతా అక్కడే. అలాంటి పుండు ముదిరితే వేలే తీసేయాల్సి రావచ్చు.

చార్టులో "ఎప్పుడూ చెప్పులు వేసుకోవాలి" అని ఉంది. వానాకాలం గెడ్డ దాటేటప్పుడు మన చెప్పులు చేతిలో ఉంటాయని ఆ రాసినోళ్లకి ఎవరు చెప్తారు? రోజూ రాత్రి మనవరాలికి అరికాలు చూపించమన్నాను. "దానికి ఫోను చూడ్డానికే టైము చాలదు" అంది అవ్వ. ఆ ఫోను లైటుతోనే చూడమని చెప్పాను.