గున్మాలో పట్టుపురుగు గారు

మాది హిందూపురం పక్కన పరిగి. ఇంటికి మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు ఉన్నాయి. చిన్నప్పుడు బడిలో పక్కన కూర్చునేవాళ్లు ‘నీ బట్టలు పురుగుల వాసన’ అని ముక్కు మూసుకునేవాళ్లు. అందుకే ఎక్స్ఛేంజ్ విద్యార్థినిగా జపాన్ వెళ్లాక, మీ నాన్న ఏం చేస్తారని ఎవరడిగినా ‘వ్యవసాయం’ అని ఊరుకునేదాన్ని.

ఒకరోజు గున్మాలోని ఓ ప్రాథమిక పాఠశాలకు తీసుకెళ్లారు. 1872లో తొమియోకా పట్టు మిల్లు మొదలైంది ఈ గున్మాలోనే. వాకిట్లో బూట్లు అరలో పెట్టి, లోపలికి వేరే చెప్పులు వేసుకున్నాం. మధ్యాహ్నం పిల్లలే తెల్ల ఏప్రన్లు కట్టుకుని భోజనం వడ్డించారు. తర్వాత గది ఊడ్చి తుడిచిందీ వాళ్లే. మూడో తరగతిలో కిటికీ దగ్గర ఓ అట్టపెట్టె చూసి ఆగిపోయా. మల్బరీ ఆకుల మీద పట్టుపురుగులు!

‘ఒకైకో-సాన్’ అని పరిచయం చేసిందో పాప. ‘సాన్’ అంటే మన ‘గారు’. తలెత్తి కదలకుండా ఉన్న పురుగును చూపించి ‘నిద్రపోతోంది’ అంది. దాన్నే మా ఊళ్లో ‘జ్వరం’ అంటాం. నాలుగు జ్వరాలు దాటితేగానీ గూడు కట్టదు. వచ్చీరాని జపనీస్‌లో అదంతా చెప్పి, ‘మా ఇంట్లో వేలకు వేలుంటాయి’ అన్నా. పిల్లలంతా చుట్టూ మూగారు. ఒక్కరూ ముక్కు మూసుకోలేదు.

రాత్రి నాన్నకు ఫోన్ చేశా. ‘మన బైవోల్టిన్ పంట వాళ్ల దగ్గర నేర్చుకున్నదే కదమ్మా’ అన్నాడు. 1991 నుంచి జైకా సాయంతో దక్షిణాదిలో ఆ పని సాగిందని తర్వాత చదివాను.

మర్నాడు మళ్లీ ఎవరో అడిగారు, మీ నాన్న ఏం చేస్తారని. ‘పట్టుపురుగులు పెంచుతారు’ అన్నా.