బాగున్నది ఎప్పటివరకు?

కృష్ణా జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. వరండాలో చాపల మీద ఇరవైమంది ఆశా కార్యకర్తలు కూర్చున్నారు. పక్షవాతాన్ని ఇంటి దగ్గరే ఎలా పసిగట్టాలో ఆ రోజు వాళ్లకు శిక్షణ. నేనూ ఓ మూల కూర్చున్నాను.

"మీ వీధిలో ఎవరికైనా మూతి వంకరపోతే ఏం చేస్తారమ్మా?" అని అడిగారు డాక్టరమ్మ.

"గాలి సోకిందంటారండి."

"పసరు మందుకు తీసుకెళ్తారు మేడం."

"నొప్పేం లేదుగా, కాసేపు పడుకో, అదే తగ్గుతుందంటారు."

ఆ చివరి మాటకు నా గుండె కలుక్కుమంది. మా నాన్నతో మేమన్న మాట అదే.

"చాలామందికి నొప్పి ఉండదు. అందుకే మనం ఆగిపోతాం" అన్నారామె. ఒకావిడను రోగిలా కుర్చీలో కూర్చోబెట్టారు. పళ్లు కనిపించేలా నవ్వమన్నారు: మూతి ఒకవైపు జారుతుందేమో చూడాలి. కళ్లు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాచి పది సెకన్లు ఉంచమన్నారు: ఒక చెయ్యి కిందికి వాలుతుందేమో చూడాలి. పేరు, ఊరు చెప్పమన్నారు: మాట ముద్దగా వస్తుందేమో వినాలి. ఉన్నట్టుండి చూపు మందగించినా, అడుగు తూలినా అనుమానించాల్సిందే. వీటిలో ఒక్కటి కనిపించినా వెంటనే 108. పది నిమిషాల్లో తగ్గిపోయినా సరే, ఆసుపత్రికి వెళ్లాల్సిందే. అది రాబోయే పెద్ద దెబ్బకు హెచ్చరిక కావచ్చు.

"ఆస్పిరిన్ వెయ్యొచ్చా మేడం?"

"వద్దమ్మా. మెదడులో రక్తపు గడ్డ అడ్డుపడిందో, నాళం చిట్లిందో స్కాన్ తీస్తేగాని తెలియదు. చిట్లి ఉంటే ఆ మాత్రే ముప్పు. బీపీ మాత్ర కూడా మీ అంతట మీరు వెయ్యొద్దు. మంచినీళ్లు కూడా పట్టొద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి పంపండి."

పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయట. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా గడువు నాలుగున్నర గంటలు. పెద్ద నాళంలోని గడ్డను సన్నని గొట్టంతో బయటికి లాగే చికిత్స కొందరికి 24 గంటల వరకు పనికొస్తుంది. ఆ లెక్క, మనిషి చివరిసారి బాగున్న వేళ నుంచి మొదలవుతుంది. నిద్రలేచేసరికి చెయ్యి పడిపోయి ఉంటే, లెక్కలోకి వచ్చేది లేచిన వేళ కాదు, రాత్రి బాగా ఉండి పడుకున్న వేళ.

"మా ముసలోళ్లు గడియారం చూడరు మేడం" అందొక ఆశా.

"మరి వేళ ఎలా చెబుతారు?"

"పాలకేంద్రంలో పాలు పోసొచ్చాక అనో, బడి గంట కొట్టినప్పుడు అనో, ఆఖరి బస్సు పోయాక అనో చెబుతారండి."

"అయితే అలాగే అడగండి. పాలు పోసొచ్చినప్పుడు మాట బాగుందా అని. పాలకేంద్రం వేళ మీకు తెలుసుగా!"

నోట్‌బుక్కులు తెరుచుకున్నాయి. ఎవరి ఊరి వేళలు వాళ్లు రాసుకున్నారు: పాలకేంద్రం, బడి గంట, ఆఖరి బస్సు.

నేనూ రాసుకున్నాను. మా నాన్నకు పక్షవాతం వచ్చిన రాత్రి, టీవీలో తొమ్మిదింటి వార్తలు మొదలయ్యాక, ఉన్నట్టుండి కుడిచెయ్యి మొద్దుబారిందన్నాడు. పడుకోమన్నాం. ఆసుపత్రి గుమ్మం ఎక్కేసరికి తెల్లారి ఏడయింది. "ఎప్పుడు మొదలైంది?" అని అక్కడ అడిగితే, "పొద్దున్నే" అన్నాం. నాన్న మాత్రం మాకు వేళకే చెప్పాడు.