అన్నం ముద్దల ఊరు: గ్వాంగ్జు ఉత్తరాలు

గ్వాంగ్జు, దక్షిణ కొరియా
18 సెప్టెంబరు 2024

అమ్మా, బాపూ,

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటున్నాం కదా, మళ్ళీ ఉత్తరమేమిటి అనుకుంటారేమో. నాయినమ్మకు ఫోన్లో మాట అందదు. ఇది ఆమె పక్కన కూర్చుని నింపాదిగా చదివి వినిపించండి.

నిన్న ఇక్కడ చుసొక్ పండుగ. కొరియన్ల చాంద్రమానంలో ఎనిమిదో నెల పున్నమి అది. దేశమంతా సొంతూళ్ళకు కదిలింది. మాకు కొరియన్ నేర్పే టీచరమ్మ నన్ను వాళ్ళ అమ్మానాన్నల ఊరు దమ్యాంగ్‌కు తీసుకెళ్ళారు. గ్వాంగ్జు పక్కనే, వెదురు వనాలకు పేరుపడ్డ ఊరు. సెప్టెంబరు సగం దాటినా ఎండ మాడ్చేస్తోంది. ఇంత వేడి చుసొక్ తన ఎరుకలో లేదని టీచరమ్మ వాళ్ళ నాన్నగారు విసనకర్ర వదలకుండా చెబుతూనే ఉన్నారు.

పొద్దున్నే చార్యె జరిగింది. చనిపోయిన పెద్దలకు పెట్టుకోవడం అన్నమాట. ఒక పొడుగాటి బల్ల మీద వరసలుగా వంటకాలు, పండ్లు సర్దారు. ఎర్రవి తూర్పు వైపు, తెల్లవి పడమటి వైపు. కొత్త బియ్యప్పిండితో చేసిన సొంగ్‌ప్యొన్‌లు మన కుడుముల్లాగే ఉంటాయి. లోపల నువ్వులో, పెసరపప్పో పెట్టి అర్ధచంద్రాకారంలో మడిచి, పైన్ ఆకులు పరిచి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆ ఆకు వాసన పిండికి పట్టేస్తుంది. చామగడ్డల చారు కూడా ఉంది నాయినమ్మా! పీచ్ పండు మాత్రం పెట్టరు. అది ఉంటే పెద్దల ఆత్మలు దగ్గరికి రావని నమ్మకం. ఇంకో సంగతి: పెద్దలకు పెట్టే వంటలో కారం, వెల్లుల్లి వేయరు. కిమ్చీ లేనిదే ముద్ద దిగని ఇంట్లో ఆ బల్ల మీద ఎరుపు కేవలం పండ్లదే.

అందరూ రెండుసార్లు మోకాళ్ళ మీద వంగి నేలకు తల ఆనించారు. తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దలు తినే వేళ అది. ఆ పైన అవే పదార్థాలు దించి అందరం కలిసి తిన్నాం.

ముందు రోజంతా వంటింట్లో ఉన్నది ఆడవాళ్ళే. అదొక్కటి నాకు నచ్చలేదు, మన ఇంట్లోనూ నచ్చదు. ఇక్కడ దీని మీద ఏళ్ళుగా వాదన నడుస్తోందట. కన్ఫ్యూషియన్ ఆచారాలకు పెద్దదిక్కయిన సొంగ్‌గ్యున్‌గ్వాన్ 2022లో వేపుళ్ళు తప్పనిసరి కాదని, బల్ల క్లుప్తంగా ఉంటే చాలని ప్రకటించింది. "ఆ మాట నలభై ఏళ్ళ కిందట చెప్పి ఉంటే నా నడుము నాకు మిగిలేది" అన్నారు టీచరమ్మ వాళ్ళమ్మ. ఈసారి ఆమె వేపుళ్ళు బజారు నుంచి తెప్పించారు.

ఇవాళ్టి నుంచి మనకు పితృపక్షం కదా. పెత్రమాసకు నా వంతు ఆకు కూడా వేసి, ముత్తాత పేరు నా తరఫున తలవండి.

మీ బిడ్డ,
స్రవంతి


12 అక్టోబరు 2024

తమ్ముడూ,

నీ పరీక్షల మధ్య దీన్ని చదవడానికి తీరిక చేసుకో.

అక్టోబరు 9 ఇక్కడ సెలవు. ఒక లిపికి జాతీయ పండుగ చేసుకునే దేశంలో ఉన్నాను! సెజొంగ్ రాజు 1443లో కొరియన్ అక్షరాలు రూపొందించి 1446లో ప్రజలకు ప్రకటించాడు. అప్పటిదాకా చదువంటే చైనా లిపే, అది తీరిక ఉన్న పెద్దింటి వాళ్ళకే. మామూలు జనం తమ గోడు తాము రాసుకోలేకపోతున్నారన్నది ఆయన బాధ. కొలువులోని పండితులు 1444లోనే దీన్ని వ్యతిరేకిస్తూ అర్జీ పెట్టారు. ఆయన వినలేదు, అందుకే ఇవాళ నేను బస్సు మీద ఊరి పేరు చదవగలుగుతున్నాను.

"న" అక్షరం చూస్తే పై పళ్ళ వెనక ఆనిన నాలుక వంపు కనిపిస్తుంది. "మ" అక్షరం నోటి గీత. ఊపిరి ఒత్తి పలికే శబ్దానికి మామూలు అక్షరానికే ఒక గీత అదనం. కంఠ్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలని బడిలో వల్లించినవాళ్ళకు ఇది తొందరగా పట్టుబడుతుంది. క్రియ వాక్యం చివర రావడం, పెద్దల్ని గౌరవించే మాట క్రియలోనే ఇమిడి ఉండటం కూడా మనకు కొత్త కాదు. మా క్లాసులో మిగతా దేశాల వాళ్ళు తంటాలు పడేది అక్కడే. ఏడాదిలో టోపిక్ అనే కొరియన్ భాషా పరీక్షలో మూడో స్థాయి దాటాలి, అప్పుడే ఎమ్మెస్‌లోకి.

ఆ పండుగ మర్నాడు రాత్రి 8 గంటలకు రచయిత్రి హాన్ కాంగ్‌కు సాహిత్య నోబెల్ ప్రకటించారు. ఆమె పుట్టింది ఈ గ్వాంగ్జులోనే, 1970లో. హాస్టల్ కారిడార్‌లో కేకలు. మా అంతస్తు శుభ్రం చేసే ఆంటీ, ఆమె నవల ఒక్కటీ చదివి ఉండరు, కళ్ళు తుడుచుకుంటూ నిలబడిపోయారు. నిన్న పుస్తకాల షాపుకు పోతే ఆమెవి ఒక్క ప్రతి లేదు.

ఎందుకంత ఏడుపో తెలుసుకోవాలని ఇవాళ ఊళ్ళోకి వెళ్ళాను. 1980 మే 18 పొద్దున మా చొన్నమ్ విశ్వవిద్యాలయం గేటు దగ్గరే మొదలైంది గ్వాంగ్జు తిరుగుబాటంతా. మార్షల్ లా కింద విద్యార్థుల్ని లోపలికి రానివ్వని పారాట్రూపర్లు అక్కడే లాఠీలు ఎత్తారు. మూడు రోజుల తర్వాత ప్రొవిన్షియల్ ఆఫీసు ముందు జనం మీద కాల్పులు జరిపారు. సైన్యం ఊరి బయటికి తగ్గాక, 27 తెల్లవారుజామున మళ్ళీ చొరబడేదాకా, ఊరిని జనమే నడుపుకున్నారు. నువ్వు చూసిన "టాక్సీ డ్రైవర్" సినిమా ఆ రోజులదే. హాన్ కాంగ్ కుటుంబం అంతకు కొన్ని నెలల ముందే సియోల్‌కు మారింది. ఆ ఎడబాటులోంచే 2014లో ఆమె గ్వాంగ్జు నవల వచ్చిందని నాకనిపిస్తుంది.

గుమ్నామ్ వీధిలో జొనిల్ బిల్డింగ్ ఉంది. పదో అంతస్తులో తూటా దెబ్బలు అలాగే ఉంచారు. మొదట లెక్కతేలినవి 245, అందుకే భవనానికి ఆ అంకె కలిపి పేరు పెట్టారు. నేల మీద కూడా గాట్లున్నాయి తమ్ముడూ. కింది వీధిలోంచి కాలిస్తే పదో అంతస్తు నేలకు తగలవు. హెలికాప్టర్ నుంచి కాల్చారని ఫోరెన్సిక్ వాళ్ళు తేల్చింది 2017లో. అప్పటిదాకా చూశామన్నవాళ్ళను అబద్ధాలకోరులన్నారు.

ఆ రోజుల్లో యాంగ్‌దోంగ్, దెయిన్ బజార్లలో కూరగాయలు, చేపలు అమ్మే ఆడవాళ్ళు పెద్ద గిన్నెల్లో అన్నం వండి, ఉప్పు వేసి ముద్దలు చేసి, వీధుల్లో ఉన్న పిల్లల చేతుల్లో పెట్టారు. జుమొక్‌బాప్ అంటారు వాటిని. ఇప్పుడు గ్వాంగ్జు హోటళ్ళలో అదొక వంటకం. నేను తిన్నాను. రుచి గురించి నీకు చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు, ఉత్త అన్నమూ ఉప్పే.

అక్క


30 నవంబరు 2024

అమ్మా,

ఇవాళ కిమ్‌జాంగ్‌కు వెళ్ళాను. చలి ముదిరేలోపు శీతాకాలానికంతా సరిపడా కిమ్చీ పెట్టుకోవడం. 2013లో యునెస్కో గుర్తించింది కిమ్చీని కాదు, ఇలా పదిమందీ కూడి పెట్టి పంచుకునే ఈ పనిని. మా హాస్టల్ దగ్గరి వృద్ధుల కేంద్రంలో ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ కోసం పెడుతుంటే మేమూ చేరాం.

రాత్రంతా కల్లుప్పులో నానిన క్యాబేజీలు కడిగి వార్చి ఉన్నాయి. కారం, వెల్లుల్లి, అల్లం, ముల్లంగి తురుము, ఉప్పు రొయ్యలు, బియ్యప్పిండి జావ కలిపిన ముద్దను ఒక్కో రేకు మధ్య పూయాలి. ఇక్కడి జొల్లా ప్రాంతంలో పులియబెట్టిన చేపలు ఎక్కువ వేస్తారు కాబట్టి ఘాటు ఎక్కువ. కారం చూసి ఆశ్చర్యపోయాను. మన వరంగల్ చపాట మిరప లాంటిదే: రంగు బాగా, మంట తక్కువ. ఏనుమాముల మార్కెట్ యార్డులో పోసిన కుప్పలు గుర్తుకొచ్చాయి. కొరియాకైనా మనకైనా మిరప అమెరికా ఖండాల నుంచి సముద్రాల మీదుగా వచ్చిందే. అయినా ఇద్దరం అది పుట్టుకతోనే మనదన్నట్టు తింటాం.

నా పక్కన కూర్చున్న ఎనభై దాటిన అవ్వ, రేకును మడిచే పద్ధతి నా చేయి పట్టుకుని నేర్పింది. మధ్యలో ఒక రేకు చుట్టి నా నోట్లో పెట్టింది. ఇక్కడ చేత్తో తినిపించడమంటే నువ్వు మా మనిషివని ఒప్పుకోవడమే. ఒక డబ్బా నాకూ ఇచ్చారు. యొసు దగ్గరి దోల్సాన్ ఆవాకుతో పెట్టిన కిమ్చీ కూడా కొంచెం దొరికింది. ముక్కులోకి ఎక్కే ఆ ఘాటు నీ ఆవకాయ జాడీ మూత తీసినట్టే ఉంది.

స్రవంతి


5 డిసెంబరు 2024

తాతా,

మంగళవారం సాయంత్రం మీకు టీవీలో వార్త వచ్చేసరికి ఇక్కడ రాత్రి 10.30. అధ్యక్షుడు మార్షల్ లా ప్రకటించాడని ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. మీరు కంగారు పడి చేసిన ఫోనుకు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

హాస్టల్ హాల్లో కొరియన్ పిల్లలు టీవీ చుట్టూ చేరారు. సియోల్‌లో జాతీయసభ ఆవరణలో హెలికాప్టర్లు దిగుతున్నాయి, సభ్యులు గోడ దూకి లోపలికి పోతున్నారు, బయట మామూలు మనుషులు సైనికులకు అడ్డం నిలబడ్డారు. ఒంటి గంటకు ఓటింగ్. హాజరైన 190 మందీ రద్దుకే ఓటేశారు. తెల్లవారుజామున 4.30కి ఎత్తేశారు. 1980 తర్వాత ఇక్కడ ఈ మాట మళ్ళీ వినబడింది ఇప్పుడే.

మా గేటు కాపలా పెద్దాయన ఆ రాత్రి ఇంటికి పోలేదు. తాను 1980లో హైస్కూల్లో ఉన్నాడట. "ఆ రోజు ఈ గేటు దగ్గర ఎవరూ కాపలా లేరు" అన్నాడు, అంతకుమించి ఏమీ చెప్పలేదు. తెల్లారాక మాకందరికీ వేడి వేడి బార్లీ టీ పోసిచ్చాడు.

నిన్న సాయంత్రం 5·18 ప్రజాస్వామ్య కూడలికి జనం వచ్చారు. విదేశీ విద్యార్థిని, రాజకీయ సభల్లో కలవకూడదు కాబట్టి దూరంగా ఫుట్‌పాత్ మీద ఉండి చూశాను. ముసలివాళ్ళు కొవ్వొత్తులు, నా వయసు పిల్లలు పాటగాళ్ళ కచేరీల్లో ఊపే లైట్లు పట్టుకుని వచ్చారు. ఇంతవరకూ ఆ పాటల పిచ్చిలో ఉన్న తరం అని పెద్దలు ఇక్కడా తిట్టేవారట. ఎల్లుండి శనివారం జాతీయసభలో అధ్యక్షుడి అభిశంసన మీద ఓటింగ్ ఉంది. ఏమవుతుందో ఎవరూ తేల్చి చెప్పడం లేదు.

నేను భద్రంగా ఉన్నాను. క్లాసులు ఆగలేదు.

కిందటి నెల 518 నంబరు సిటీ బస్సెక్కి మే 18 జాతీయ శ్మశానవాటికకు వెళ్ళాను. ప్రతి సమాధి ముందూ ఫొటో, వెనక వైపు రాతి మీద ఇంటివాళ్ళు చెప్పుకున్న మాట. నా కొరియన్‌కు కొన్నే అర్థమయ్యాయి. అక్కడ మీరే గుర్తొచ్చారు. 1969లో మీ కాలేజీ వాళ్ళు తెలంగాణ కోసం రోడ్డెక్కినప్పుడు పోలీసు కాల్పుల్లో పోయిన మీ స్నేహితుల గురించి మా చిన్నప్పుడు ఒకటి రెండుసార్లు చెప్పి ఆపేశారు. గన్‌పార్క్ స్తూపం ముందు నుంచి ఎన్నోసార్లు పోయాను గానీ, వాళ్ళ పేర్లు మాత్రం మిమ్మల్ని అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. తమ్ముడికి చెప్పి రాయించండి, లేదా మీ చేత్తోనే రాయండి, దస్తూరీ ఎట్లున్నా చదువుకుంటాను. ఎవరు ఏ ఊరివాళ్ళు, ఏం చదివేవాళ్ళు, మీ హాస్టల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చుని అన్నం తినేవాళ్ళు, అన్నీ రాయండి. సంక్రాంతిలోగా పోస్టు చేస్తే సెలవుల్లో నాకు అందుతుంది.

మీ మనుమరాలు,
స్రవంతి